బెదిరింపు మాట కాదు, చేష్ట

2021 అక్టోబరులో ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలో భారతజట్టు పాకిస్తానుచేత నోడెను. షమీని మతముపేర దూషించినవారిని కోహ్లీ ఖండించిన పిదప, అతని పసిబిడ్డపై అత్యాచారము చేయుదుమని ట్విట్టరులో బెదిరింపు వెలువడెను. ఆ యభియోగముపై నవంబరులో ముంబయి పోలీసులు హైదరాబాదునందు 23 ఏండ్ల ఇంజనీరును నిర్బంధించిరి. 2023లో బొంబాయి హైకోర్టు, ఫిర్యాదుదారు సమ్మతిపై, కేసును కొట్టివేసెను. న్యాయస్థానమున ఆ సంగతి తీరెను. మన సంగతి తీరలేదు.

"గదిలో గూర్చుండి కుర్రవాడు వ్రాసిన వ్రాతకు ఇంత రభసయేల?" అనువారు మన శ్రీకాకుళపు అరుగులమీదను గలరు. ఆ బిడ్డ తమ మనుమరాలైనచో వారిట్లే యందురా? బెదిరింపబడిన యాడుబిడ్డనే ఖాతా మూసికొమ్మనుట, దొంగను వదలి ఇంటివారిని బంధించుట గాదా? భారతీయ న్యాయసంహిత 351వ విభాగమున, పేరు దాచి బెదిరించినవానికి అదనముగా రెండేండ్లవరకు శిక్ష గలదు. ఆమెకు తోడై ఫిర్యాదు చేయించుట మన ధర్మము.

అయినను శిక్షతోనే మన పని తీరదు. ఎవరితోను బలుకక, రేయింబవళ్లు ఫోనుకు మొగమప్పగించిన కొడుకును "బుద్ధిమంతుడు, గడప దాటడు" అని మెచ్చుకొనుచున్నది మనమే. ఒంటరితనము నేరమునకు సాకు గాదు. దానిని చూచియు చూడకుండుట మాత్రము మన తప్పు. అన్నము పెట్టునప్పుడే వానిని బలుకరింపుడు. అవసరమైనచో టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేయుడు. వాని వ్రాతను పోలీసులు చదువకమునుపే, వాని మొగమును మనము చదువవలెను.