ఫస్ట్ షాట్‌కు ముందు పది నిమిషాలు మనవి!

డాన్సర్ తమ్ముడూ, ఫైటర్ అన్నా, లైట్‌మన్ బాబాయ్, జూనియర్ ఆర్టిస్ట్ అక్కా!

పొద్దున్నే కృష్ణానగర్‌లో యూనిట్ వ్యాన్ కోసం నిలబడ్డప్పుడు చుట్టూ చూడండి. నడుం మీద చెయ్యి వేసుకున్నవాళ్లు ఎందరు? మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకున్నవాళ్లు ఎందరు? మాత్ర మింగి, స్ప్రే కొట్టుకుని, బెల్టు బిగించి సెట్‌లోకి నడవడం మనకు అలవాటైపోయింది. నొప్పి అని నోరు విప్పితే రేపు కాల్ రాదన్న భయం ఒకటి!

నొప్పి పుట్టినచోటే లోపం ఉండాలని లేదు. చీలమండ బిగుసుకుపోయినవాడు గొంతుక్కూర్చుంటే మడమ లేస్తుంది, మోకాలు లోపలికి వాలుతుంది. తుంటి తిరగనివాడు కిక్ కొడితే ఆ తిరుగుడంతా నడుం మీద పడుతుంది. వీపు పైభాగం పట్టేస్తే కత్తి తిప్పినా, లైటు ఎత్తినా భుజం బలి. మోకాలికి ఎంత బామ్ రాసినా చీలమండ వంగదు కదా!

కీలును అది తిరిగినంత మేర, నెమ్మదిగా, మన అదుపులో తిప్పడమే మొబిలిటీ ఎక్సర్‌సైజ్. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న ద్రవమే దానికి తిండి. ఆ తిండి అందాలంటే కీలు ఆడాలి.

జిమ్ అక్కర్లేదు, గోడ చాలు. గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలు నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. మడమ లేవకుండా మోకాలు గోడకు ఆనించండి. ఆనిందా? పాదం కొంచెం వెనక్కి జరిపి మళ్లీ చూడండి. కాలికి పదిసార్లు. ఒక కాలు సులువుగా వంగి రెండోది మొరాయిస్తే, మీ పని ఆ రెండోదానితోనే. తర్వాత అదే గోడ పట్టుకుని, నడుం కదలకుండా, మోకాలు ఎత్తి పక్కకు తెరిచి, గుండ్రంగా తిప్పి దించండి. అది తుంటికి. ఇక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, తుంటి కదపకుండా పైభాగం అటూ ఇటూ తిప్పండి. లైట్‌మన్లు, సెట్ వర్కర్లు దీన్ని అస్సలు వదలొద్దు. పట్టినట్టు అనిపిస్తే ఫర్వాలేదు, పొడిచినట్టు ఉంటే ఆపాలి.

ఒక జాగ్రత్త. షాట్‌కు ముందు కండరాన్ని నిమిషానికి మించి లాగిపట్టి ఉంచితే దాని జోరు కాసేపు తగ్గుతుంది. ముందు కదులుతూ చెయ్యండి. లాగిపట్టడం ప్యాకప్ తర్వాత.

ఇది కొత్త విద్యేమీ కాదు. కూచిపూడి నేర్చినవాళ్లను అడగండి, అడుగులకు ముందు ఒంటికి సాధకం చేయిస్తారు. 2021లో కీవ్‌లో తీసి, 2023లో ఆస్కార్ తెచ్చిన ‘నాటు నాటు’లో ప్రేమ్ రక్షిత్ మాస్టర్ వేయించిన ఆ స్టెప్పు గుర్తుందిగా? చూసేవాడి కన్ను పాదాల మీదే ఉంటుంది. తుంటి ఆడకపోతే పాదం ఎక్కడిది?

బెల్టు గురించి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పద్ధతిగా చేసే వ్యాయామం మంచిదంది. నడుం బెల్టులు మామూలుగా వాడొద్దంది. మన దగ్గర బెల్టు కొనిపెట్టే మేనేజర్ దొరుకుతాడు, పది నిమిషాలిచ్చేవాడే దొరకడు.

కానీ వ్యాయామం అన్నిటికీ మందు కాదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం అదుపు తప్పుతున్నా, దెబ్బ తగిలాక కాలు మోపలేకపోతున్నా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది, వెళ్లండి.

ఇప్పుడు అసలు సంగతి. హీరోకి కారవాన్ ఉంది, ట్రైనర్ ఉన్నాడు, ఫిజియో ఉన్నాడు. ఉండనివ్వండి, ఆయన ఒళ్లూ ఒళ్లే. వెనక వరసలో అదే స్టెప్పు అన్ని టేకులూ వేసే డాన్సర్‌కు ఏముంది? వ్యాన్ దిగగానే మేకప్, మేకప్ కాగానే మ్యూజిక్. పాట మధ్యలో ఒకడికి కాలు మడతపడితే ఫార్మేషన్ మొత్తం మళ్లీ పెట్టాలి. నిర్మాతకు పది నిమిషాలకన్నా అదే ఖరీదు.

2025 ఆగస్టులో కూలి పెంచమని షూటింగులు ఆపినవాళ్లం మనం. కూలి అడిగిన నోటితోనే ఇదీ అడుగుదాం: కాల్ టైమ్‌లోనే పది నిమిషాలు ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి, ఆ నిమిషాలకూ కూలి. మీ యూనియన్ తర్వాతి మీటింగులో ఈ మాట లేవనెత్తండి. ఒక్కరే లేవొద్దు, ఒక్కడిని పక్కన పెట్టడం తేలిక. డాన్సర్లు, ఫైటర్లు, లైట్‌మన్లు కలిసి లేవండి.

అది తేలేదాకా ఊరుకోనక్కర్లేదు. రేపు పొద్దున వ్యాన్ వచ్చేలోగా, నిలబడ్డచోటే మొదలుపెట్టండి. గోడ కృష్ణానగర్‌లోనూ ఉంది, ఫిల్మ్ నగర్‌లోనూ ఉంది. తెలిసిన డాన్సర్ ముందు నిలబడి చేయించాలి, మిగతావాళ్లు వెనక.

చదివాక పక్కవాళ్లకివ్వండి.

— మీ తోటి సినిమా కార్మికులు