పాప ఎవరి దగ్గర?

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు నగలూ సామానూ ఎవరివి వారు తెచ్చుకుంటారు. డబ్బు లెక్కలూ ఎలాగోలా తేలిపోతాయి. పంచుకోవడానికి వీల్లేనిది పిల్లల్నే. ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే తల్లిదండ్రులకు తరచూ వచ్చే సందేహాలు ఇవి.

ఐదేళ్లలోపు పిల్లలు తల్లికేనా?

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తర్వాత తల్లి. అయితే ఐదేళ్లు నిండని పిల్లలు ‘సాధారణంగా’ తల్లి దగ్గరే ఉండాలంటుంది అదే చట్టం. తల్లి దగ్గర బిడ్డకు క్షేమం కాదని తేలితే కోర్టు వేరేగా నిర్ణయించవచ్చు. అలాగని ఐదేళ్లు నిండగానే బిడ్డను తండ్రికి అప్పగించేయరు. ‘ఆ తర్వాత’ అంటే తండ్రి పోయాకే అని కాదు, ఆయన బిడ్డను పట్టించుకోకపోయినా తల్లి సంరక్షకురాలు కావచ్చని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది.

జీతం ఎక్కువున్నవారికే ఇస్తారా?

కాదు. అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యం. రోజూ అన్నం పెట్టేదెవరు, జ్వరమొస్తే చూసేదెవరు, బడి మారాల్సి వస్తుందా... ఇలాంటివన్నీ చూస్తారు. సంపాదన లేని తల్లి దగ్గర బిడ్డను ఉంచి, ఖర్చులు తండ్రిని ఇమ్మనవచ్చు.

పిల్లల్ని అడుగుతారా?

ఆలోచించి ఇష్టం చెప్పగల వయసుంటే అడగవచ్చు. ఇన్నేళ్లని చట్టంలో లేదు. బిడ్డ చెప్పిందే తీర్పు కూడా కాదు. అవి సొంత మాటలా, ఇంట్లో నేర్పి పంపినవా అన్నదీ జడ్జి గమనిస్తారు.

భరణం ఇవ్వడం లేదు. పాపను చూపించడం మానేయొచ్చా?

మానకూడదు. భరణం వేరు, బిడ్డను చూసే హక్కు వేరు. బకాయి వసూలుకు కోర్టులో పిటిషన్ వేసుకోవాలి. పాపను చూపించడం లేదని భరణం ఆపడమూ తప్పే. అవతలివారు తాగి వస్తారనో, కొడతారనో భయముంటే కోర్టు ఆవరణలో, ఒకరి పర్యవేక్షణలో కలిసే ఏర్పాటు కోరవచ్చు.

నాన్న అమెరికాలో, పాప గుంటూరులో ఉంటే?

వీడియో కాల్‌లో మాట్లాడే ఏర్పాటు అడగవచ్చు. బిడ్డకు అమ్మానాన్నలిద్దరి ప్రేమా కావాలనీ, దూరాన ఉన్నవారికి ఇలాంటి వీలు కల్పించాలనీ యశిత సాహూ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకసారి తీర్పు వస్తే అంతేనా?

అంతే కాదు. ఊరు మారినా, పరిస్థితులు మారినా మార్పు కోరవచ్చు.

కేసు ఎక్కడ వేయాలి?

కస్టడీ కోసం విడిగా పిటిషన్ వేసేవారు బిడ్డ మామూలుగా నివసించే ప్రాంతంలోని కోర్టుకు వెళ్లాలి. 1890 నాటి సంరక్షకుల చట్టం అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోవద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

ఒక్క విషయం మాత్రం ఏ ఆర్డర్లోనూ పూర్తిగా రాయలేరు. ఆదివారం నాన్నను చూసొచ్చిన పాపను గుమ్మంలోనే నిలబెట్టి ‘అక్కడ నా గురించి ఏమన్నారు?’ అని ఆరా తీయకండి. ‘అమ్మ దగ్గరకు ఎవరెవరు వస్తున్నారు?’ అని నాన్నా అడగొద్దు. అలా అడుగుతూ ఉంటే ఏ ఇంట్లో ఏం చెప్పాలో, ఏం దాచాలో అని పాప లెక్కలేసుకోవడం మొదలుపెడుతుంది. దానికన్నా ‘అన్నం తిన్నావా తల్లీ’ అంటే చాలు.