ఉర్లా కార్మికుని బిడ్డ ఏ రాష్ట్రానికి స్థానికుడు?

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని శివారులోని ఉర్లా పారిశ్రామికవాడ ఉక్కు మిల్లులకు పేరొందింది. తెలంగాణ నుంచి వలస వెళ్లి అక్కడి మిల్లులో పనిచేస్తున్న కార్మికుని ఉదాహరణగా తీసుకుందాం. ఆయన కుమార్తె రాయ్‌పూర్‌లోనే 12వ తరగతి ఉత్తీర్ణురాలైతే, విశ్వవిద్యాలయ ప్రవేశాలలో ఆమె ఎక్కడి స్థానికురాలు?

ఎన్‌ఐటీల వరకు సమాధానం సులభం. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రానివి. 12వ తరగతి ఎక్కడ ఉత్తీర్ణులైతే అదే సొంత రాష్ట్రం. అందువల్ల రాయ్‌పూర్ ఎన్‌ఐటీలో ఆమె స్థానికురాలే, వరంగల్‌లో మాత్రం కాదు.

వైద్యవిద్యకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 371డి అధికరణ కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో జారీచేసిన జీవో 33 ప్రకారం, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివినవారే స్థానికులు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ప్రజాధనంతో నిర్మించిన కళాశాలల్లో స్థానిక విద్యార్థులకు ప్రాధాన్యం ఇవ్వాలన్న రాష్ట్ర వాదనలో న్యాయం లేకపోలేదు.

అయితే అదే కేసులో రాష్ట్రమే ప్రతిపాదించగా న్యాయస్థానం ఆమోదించిన మినహాయింపులను గమనించాలి. రాష్ట్రం వెలుపల పనిచేసిన తెలంగాణ ప్రభుత్వోద్యోగులు, తెలంగాణ కేడర్ అఖిల భారత సర్వీసుల అధికారులు, రాష్ట్రానికి చెందిన సైనిక, పారామిలటరీ సిబ్బంది, రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల పిల్లలకు వెసులుబాటు దక్కింది. బదిలీపై వెళ్లిన అధికారి బిడ్డకు వర్తించే తర్కం, కూలి కోసం వెళ్లిన కార్మికుని బిడ్డకు ఎందుకు వర్తించదు? ఇద్దరు పిల్లలూ తమ ఇష్టంతో రాష్ట్రం విడిచినవారు కారు.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం సహేతుకమే. ప్రతి మినహాయింపూ ఏదో ఒక పల్లె విద్యార్థి సీటును తగ్గించవచ్చు. కానీ భవిష్యనిధి ఖాతా, ఈ-శ్రమ్ నమోదు, స్వగ్రామంలోని రేషన్ కార్డు వంటి ఆధారాలతో వలసను నిర్ధారించుకోవడం అసాధ్యమేమీ కాదు. కొన్ని సీట్లకే పరిమితి విధించే మార్గమూ ఉంది.

ఆమెకు ప్రస్తుతం మిగిలేది 15 శాతం అఖిల భారత కోటా, లేదా ఛత్తీస్‌గఢ్ స్థానిక నివాస ధ్రువపత్రం. ఆ పత్రం దొరకని పక్షంలో ఆమె రెండు రాష్ట్రాలకూ స్థానికేతరురాలే. మినహాయింపుల జాబితాలో మరొక వర్గాన్ని చేర్చే చొరవ తెలంగాణ ప్రభుత్వం నుంచే రావాలి.