బంగారు బల్లి ఎవరి లెక్కలో ఉంది?

కంచికి పోయి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని వస్తాం. ప్రాణమున్న బంగారు బల్లి మన తిరుమల కొండల్లోనే ఉందని ఎందరికి తెలుసు? 1870లో దాన్ని లోకానికి చెప్పింది బెడ్డోమ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దాని ఊసే లేదు. 1980లలో శాస్త్రవేత్తలకు మళ్లీ దొరికింది. అన్నేళ్లూ బల్లి ఎక్కడికీ పోలేదు. ఆ రాతి సందుల్లోనే ఉంది. వెతికినవాళ్లే లేరు!

తడ సంగతే చూడండి. తూర్పున పులికాట్‌లో ఏటా పక్షులను లెక్కపెడతారు, ఫ్లెమింగోల పండుగ చేస్తారు. సంతోషమే. పడమట ఉబ్బలమడుగు అడవికి సెలవొస్తే చెన్నై కార్లు బారులు తీరుతాయి. ఆ వాగులోని కప్పలు, బండల కింది పాములు, రాత్రి తిరిగే జంతువుల జాబితా ఏ పంచాయతీ ఆఫీసులో ఉంది? ఎర్రచందనం దుంగలకు టన్నుల లెక్క ఉంది. ఆ చెట్టు నీడన బతికే ప్రాణికి లేదు.

లెక్కలో లేని ఆస్తి పోయినా, పోయిందని చెప్పడానికి సాక్ష్యం ఉండదు. రేపు క్వారీయో రోడ్డో వస్తే, "ఇక్కడేముంది, ముళ్లపొదలే కదా" అంటారు. అప్పుడు మన చేతిలో ఏ కాగితం ఉంది? 2020లో కూడా వెలికొండల్లో కొత్త బల్లి జాతి బయటపడింది. చూడాల్సింది ఇంకా మిగిలే ఉంది.

చట్టం మన పక్షానే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, ఊరి జీవజాతుల రిజిస్టరు ఉండాలి. అది ఆఫీసులో కూర్చుని నింపే ఫారం కాకూడదు. కప్పలు గొంతెత్తేది వానల్లో. మన వైపు వానలు కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రాత్రుల్లో టార్చి పట్టుకుని ఒకే వాగు వెంట, ఒకే దూరం, ఏటేటా నడవాలి. జంతువుల కోసం అడుగుజాడలు చూడాలి, దారుల్లో కెమెరాలు కట్టాలి. అటవీ శాఖ అనుమతితో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ పనికి దిగాలి. అడవిని ఎరిగిన యానాదులను కూలీలుగా కాదు, జీతమిచ్చి సర్వేయర్లుగా పెట్టుకోవాలి. ఆ లెక్క తెలుగులో ఊరికి అందాలి.

1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచీ నీళ్లలో మన వాటా అడుగుతూనే ఉన్నాం. మన కొండల్లో ఏమేమి బతుకుతున్నాయో కూడా తెలిసుండాలి కదా! విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా, ఈ వారమే మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. సీమ రాష్ట్రం కోరే మనకు మన అడవి లెక్క తెలియకపోతే ఎట్లా?