దేవరకొండ కోట ఎవరి పేరు మీద?

దేవరకొండ కోట మాట వస్తే చాలు, టూరిజం సంగతే ముందుకొస్తుంది. రోడ్డు కావాలి, లైట్లు కావాలి. కావాల్సిందే. మరి ఎక్కినవాళ్లకు అక్కడ ఏ చరిత్ర చెప్తారన్నదే మేము అడిగేది.

ఏడు కొండలను కలుపుతూ కట్టిన ఈ కోట 14వ శతాబ్దపు రేచర్ల పద్మనాయకులది, అంటే వెలమ రాజులది. అన్న అనపోతానాయకుడు రాచకొండ ఏలితే, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండ ఏలాడు. ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. అంత బండను పగలగొట్టినోళ్లు, పైకి మోసినోళ్లు, మోటకు తోలు కుట్టినోళ్లు, చెరువు తూము కాసిన నీరటోళ్లు ఎవరో రాజుల శాసనాలు చెప్పవు. దానం చేసిన దొర పేరే రాతికెక్కింది. తవ్విన చెయ్యికి పేరు లేదు. నిజాం కాలం దాకా సాగిన వెట్టి ఒక్కనాడు పుట్టింది కాదు.

విచిత్రమేమంటే, ఈ రేచర్ల రాజుల కాలపు కవి గౌరన ద్విపదలో రాసింది హరిశ్చంద్రుడి కథ. అందులో రాజే కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోతాడు. ఐదు వందల ఏళ్ల తర్వాత హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో పాడింది మన జాషువా పద్యాలే. వీరబాహుడికి కథలోనైనా పేరుంది.

నేడు దేవరకొండ ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. చుట్టూ లంబాడీ తండాలు, దళితవాడలు. కోట దగ్గర బోర్డు రాసే ముందు అధికారులు ఆ వాడలకు వెళ్లి, పెద్దమనుషులు చెప్పేది రాసుకోవాలి. గైడు ఉద్యోగాలూ అక్కడి పిల్లలకే ఇవ్వాలి.