గుంటనక్కని తిట్టే ముందు

తెలుగులో ఒక రాజకీయ నాయకుణ్ణి తిట్టాలంటే రచయితకి ఒక్క మాట చాలు: గుంటనక్క. ఆ గుంటనక్క ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు. నా తగాదా తిట్టుతో కాదు, ఈ తెలియనితనంతో.

ముందు చుట్టరికాలు తేల్చుకుందాం. ఊరి బయట రాత్రిళ్ళు ఊళ పెట్టేది నక్క. అది కుక్కకీ తోడేలుకీ దగ్గరి చుట్టం. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో కరటక దమనకులు ఆ నక్కలే. గుంటనక్క వేరు. శాస్త్రం పేరు వల్పెస్ బెంగాలెన్సిస్. రెండు నుంచి నాలుగు కిలోల ప్రాణి. బూడిదరంగు ఒళ్ళు, గుబురు తోక, తోక చివర నలుపు. భారత ఉపఖండంలో తప్ప ఇంకెక్కడా లేదు. మన పిల్లల పుస్తకాల్లో ద్రాక్షగుత్తుల కింద నిలబడేది మాత్రం యూరప్ ఎర్రనక్క! మనదానికి ద్రాక్షలతో పనిలేదు. రేగుపళ్ళు, చెదపురుగులు, మిడతలు, ఎలకలు చాలు.

జిత్తులమారి అంటారు. నిజానికది జంట కట్టి, ఇద్దరూ కలిసి పిల్లల్ని సాకే జంతువు. పగటి ఎండంతా బొరియలో గడిపి పొద్దుగూకాక బయటికొస్తుంది. బొరియకి మూడు నాలుగు దారులు పెట్టుకుంటుంది. ఒక దారి దగ్గర ఊరకుక్క కాపేస్తే ఇంకో దారిన బయటపడాలి కదా. దీన్ని జిత్తు అంటే ఇంటికి పెరటి తలుపు పెట్టుకున్న ప్రతివాడూ జిత్తులమారే.

మాది జగ్గయ్యపేట. 2022లో మా ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది కానీ కృష్ణా డెల్టా వాళ్ళకి మేం ఎప్పుడూ మెట్టవాళ్ళమే. నందిగామ నుంచి పేట దాకా ఉన్న తుప్పలు, పచ్చిక, రాళ్ళదిబ్బలు గుంటనక్కకి సరిగ్గా సరిపోయే నేల. దట్టమైన అడవి దానికి గిట్టదు. ఇప్పుడా నేలలో ఒకవైపు సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఇంకోవైపు కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్, జామాయిల్ తోటలు. మధ్యలో 65వ నంబరు జాతీయ రహదారి. సుబాబుల్ వేసిన రైతుని నేను తప్పుపట్టను. నీళ్ళు లేని చేలో ఆయన ఇంకేం చేస్తాడు?

తప్పుపట్టేది మాటల్ని. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే పటాల పుస్తకం పేరు వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్. తుప్పలున్న నేల అందులో ఒక రకం వ్యర్థభూమి. రెవెన్యూ భాషలో బంజరు. ఒకసారి వ్యర్థం అనేశాక దాన్ని తవ్వినా అభివృద్ధే, చెట్లతో నింపేసినా పుణ్యమే. పచ్చిక మీద తోట పెంచితే గుంటనక్క ఇల్లు పోతుందని ఎవరికీ తట్టదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని చంపొద్దంటుంది, సరే. అభయారణ్యం బయట అది బతికే బీడు సంగతేంటి?

"అదొట్టి ఉపమానం గురూ, అంత సీరియస్ ఎందుకు" అంటారు మిత్రులు. ఒట్టిది కాదు. బంజరు అన్న మాట కాగితం మీద ఆ నేలని ఖాళీ చేసింది. గుంటనక్క అన్న తిట్టు ఆ నేలమీది జీవిని మన బుర్రల్లోంచి ఖాళీ చేసింది. ఉందని తెలియనిదాని కోసం ఎవరూ అడ్డుపడరు. గుమాస్తా చేసిన పనే కవీ చేస్తే ఇక కవి ఎందుకు?

నాయకుణ్ణి తిట్టాలంటే అతను చేసిన పని చెప్పి తిట్టండి. చెదపురుగులు తిని బతికే ప్రాణిని మధ్యలోకి లాగకండి. బీడు గురించి రాసేటప్పుడు మాత్రం అక్కడ ఎవరుంటున్నారో కనుక్కుని రాయండి.