రిపోర్టు నార్మలే, మంట మాత్రం పోలేదు

ఒంటేలులో మంటతో ఏడాదికి మూడు నాలుగుసార్లు మందుల షాపు మెట్లెక్కే ఆడవాళ్ల ఇళ్లలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. సగం వాడి వదిలేసిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రల అట్ట, అడుగున రెండు చెంచాలు మిగిలిన సిరప్పు సీసా, మడతల దగ్గర చిరిగిన యూరిన్ రిపోర్టులు అందులో కనిపిస్తాయి. చాలాసార్లు ఆఖరి రిపోర్టులో ఏమీ ఉండదు. చీముకణాలు లేవు, కల్చర్‌లో ఏదీ పెరగలేదు. డాక్టరు ‘నార్మలేనమ్మా’ అని పంపించేస్తాడు. ఆవిడకి మాత్రం ఒంటేలుకి వెళ్లొచ్చిన పావుగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, పొత్తికడుపు లాగుతుంటుంది, మంట అలాగే ఉంటుంది. అత్తగారు ‘వేడి చేసిందిలే, సబ్జా నీళ్లు తాగు’ అంటుంది. మొగుడు ‘అంతా నీ అనుమానం’ అంటాడు. మూడోరోజు ఆవిడ మళ్లీ షాపుకెళ్లి అదే అట్ట తెచ్చుకుంటుంది.

నా గొడవంతా ఈ చివరి అట్టతోనే.

మంట ఉందంటే క్రిమి ఉన్నట్టేనని మనందరి లెక్క. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో 2024లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘సైన్స్ ఇమ్యునాలజీ’ పత్రికలో రాశారు. పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల మూత్రాశయం నుంచి తీసిన ముక్కల్నీ, ఎలుకల్నీ పరీక్షించారు. ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ క్రిములు పట్టిన పైపొర రాలిపోతుంది. దాంతోపాటు అక్కడి నరాల కొసలూ దెబ్బతింటాయి. శరీరం వాటిని బాగుచేసే తొందరలో, నరికిన తుమ్మమొద్దుకి చిగుళ్లు గుంపుగా లేచినట్టు, అవసరానికి మించి నరాలు పెంచేస్తుంది. ఇక మూత్రాశయంలో కాసిని నీళ్లు చేరినా అవి గోల పెడతాయి. క్రిమి ఎప్పుడో పోయింది, నొప్పి మాత్రం నిజం. అనుమానమూ కాదు, నటనా కాదు.

మిరప పండించే మనకి ఇందులో ఇంకో ముచ్చట ఉంది. 2021 వైద్య నోబెల్ పంచుకున్న ఇద్దరిలో డేవిడ్ జూలియస్ మిరపకాయలోని కాప్సైసిన్ సాయంతోనే మంటను పసిగట్టే గ్రాహకాన్ని పట్టుకున్నాడు. ఆ గ్రాహకం నాలుక మీదే కాదు, మూత్రాశయం నరాల్లోనూ ఉంది. రెండో ఆయన ఆర్డెమ్ పటపూటియన్ కనిపెట్టిన పియెజో రకం ప్రొటీన్లలో ఒకటి మూత్రాశయం నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి పనికొస్తుంది. నరసరావుపేట సందులో ఒకావిడ పడే బాధ వెనక ఇంత శాస్త్రం ఉంది. మనం దానికి పెట్టిన పేరు ‘వేడి’.

క్రిమి లేనిచోట యాంటీబయాటిక్ చేసే మేలేమీ లేదు. పైగా ఒంట్లో మిగిలిన క్రిములు దానికి అలవాటు పడతాయి. రేపు నిజంగా జ్వరమొచ్చి ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకితే ఆ మాత్ర పనిచెయ్యకపోవచ్చు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సిమ్ లాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరూ, రాసిన డాక్టరు పేరూ రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు చూపించమని అడిగిన అధికారిని చూసే భాగ్యం నాకింకా కలగలేదు.

షాపువాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. కల్చర్ చేయించుకోమని చెప్పడం తేలిక, మాచర్లలో ఉండి చేయించుకోవడం వేరు. మూత్రం సీసాలో పట్టాక రెండు గంటల్లోపు ల్యాబుకి చేరాలి, లేదా చల్లగా ఉంచాలి. పెద్ద ల్యాబుకి పంపాలంటే గుంటూరు వంద కిలోమీటర్లు పైమాటే. మే నెలలో, రెంటచింతల ఎండ పేరు చెబితేనే చెమటలు పట్టే రోజుల్లో, ఆ సీసా చేతిసంచీలో బస్సెక్కితే దారిపొడుగునా క్రిములు పెరుగుతూనే ఉంటాయి. లేని జబ్బు రిపోర్టులో కనపడుతుంది. మాత్ర వేసుకున్నాక ఇచ్చిన శాంపిల్‌లో ఉన్న జబ్బు కనపడదు. అందుకే మొదటి మాత్రకి ముందే, మొదటి ధార వదిలేసి మధ్యధార పట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి పంపాలి. ఈ నాలుగు మాటలు ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

అసలు ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో చూడాలంటే జనవరిలో మిరప చేలకి వెళ్లాలి. కోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే దిగుతాయి, చేల పక్కనే గుడారాలేసుకుంటాయి. మరుగు ఉండదు. మరుగు లేదని ఆడవాళ్లు నీళ్లు తాగరు, తాగినా పొద్దుగూకేదాకా బిగబట్టుకుంటారు. కిలో లెక్కన కూలి కట్టేచోట చేను దాటి వెళ్లడమంటే డబ్బులు పోగొట్టుకోవడమే. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ల మీద జరిపిన పరిశోధన 2018లో అచ్చయింది. రోజూ మరో లీటరున్నర నీళ్లు తాగినవాళ్లలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. దాహానికి తాళలేక గంగని తనకి వదిలెయ్యమని శ్రీనాథుడు శివుణ్ణి అడిగాడని చాటువు చెప్పుకునే నేల ఇది. ఇక్కడ లీటరున్నర మాట తేలిగ్గా అనకూడదు. కానీ పురుగుమందుకి వేలు పోసే రైతు చేను గట్టున నాలుగు కర్రలు పాతి పాత టార్పాలిన్ కట్టించలేడా? ముఠా మేస్త్రీ ఎందుకు అడగడో నాకర్థం కాదు.

మిగిలిపోయిన మంటకి చేసేవీ ఉన్నాయి. వేడినీళ్ల సంచీ పొత్తికడుపు మీద పెట్టుకుంటే లాగుడు తగ్గుతుంది. టీ, కాఫీ, పచ్చిమిరప, పులుపు ఓ రెండు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే మొదలుపెడితే ఏది పడటం లేదో తెలుస్తుంది. (గొడ్డుకారం ఊళ్లో ఈ సలహా ఇచ్చి బతికి బట్టకట్టడం కష్టమే.) నొప్పికి భయపడి కటి కండరాలు బిగబట్టడం కొందరికి అలవాటైపోతుంది. వాటిని వదులు చేయడం ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. ముట్లుడిగినవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి అక్కడి పొర పలచబడుతుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము మంటనీ, మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లనీ తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా వాడకూడదు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనది ముందు వరస. అండాశయాలు కూడా తీసేసి ఉంటే నలభై దాటకముందే ఈ పొడిబారడం మొదలవుతుంది. ఈ క్రీము సంగతి వాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, కడుపుతో ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా ఇవన్నీ పక్కనపెట్టి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. అన్నీ నార్మలైనా మంట నెలల తరబడి ఉంటే రాళ్లు, షుగరు, మూత్రకోశ క్షయ, మూత్రాశయ నొప్పి జబ్బు కూడా చూడమని అడగాలి.

వెళ్లేముందు మూడురోజులపాటు పిల్లల పాత నోటుపుస్తకంలో ఏ టైముకి ఎన్ని నీళ్లు తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో, కొలిచి ఎంతొచ్చిందో, మంట ఎప్పుడెక్కువో రాసుకోవాలి. యూరాలజిస్టు అడిగేది ఇదే. ఆ కాగితం బల్ల మీద పెట్టినవాళ్లని ‘నార్మలేనమ్మా’ అని పంపించెయ్యడం ఏ డాక్టరుకైనా కొంచెం కష్టం.